కొండవారి భూమి – ఇరుగుపొరుగు ధర్మము

గత సంవత్సరము మన పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశము ముగిసిన పిమ్మట ఒక తండ్రిగారు మా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న వేసిరి. "అయ్యా, మా తాతగారి రోజులనుంచి ఈ రాయగడ ప్రాంతంలోనే ఉన్నాము. ఊరి చివర కోదు రైతు ఒకడు తన రెండెకరాలూ అమ్ముతానని తానే మా ఇంటికి వచ్చాడు. న్యాయమైన ధరే ఇస్తానన్నాను. కచేరీలో మాత్రం వీలులేదన్నారు. అమ్మేవాడికి ఇష్టం, కొనేవాడికి ఇష్టం. మధ్యన చట్టానికి ఏమి అడ్డు?"

ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. ఆనాడు నిలువుకాళ్ళమీద మేము చెప్పిన నాలుగు ముక్కలతో వారికిని తృప్తి కలుగలేదు, మాకును కలుగలేదు. ఇట్టి సందేహము మన కుటుంబములలో ననేకులకు గలదని తెలిసి, ఈ సంవత్సరపు సంచికలో దానికి కొంత విపులముగా సమాధానము వ్రాయ సంకల్పించితిమి.

చట్టము పుట్టిన విధము

నేటి రాయగడ, కొరాపుటు జిల్లాలలో అధికభాగము 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో నుండెడిది. ఈ కొండసీమలను 1839లోనే సామాన్య చట్టములనుండి వేరుచేసి, 'ఏజెన్సీ' అను పేర జిల్లా కలెక్టరును ప్రభుత్వపు ఏజెంటుగా నియమించి పాలించిరి. బాటలు పడినకొలది మైదానమునుండి వర్తకులు కొండలలోనికి వచ్చిరి. ఉప్పు, బట్ట, పొగాకు అరువిచ్చుట, పంట చేతికి రాగానే ధాన్యముగాను పసుపుగాను వసూలు చేసికొనుట వారి పద్ధతి. పంట తప్పిన యేడు బాకీ పెరుగును. వడ్డీకి వడ్డీ చేరును. తుదకు భూమి చేతులు మారును. ఆ బాకీ పత్రము తెలుగులోనో ఒడియాలోనో యుండెడిది. కువి భాష మాటలాడు కోదునకు రెండును ఒకటే; ఏమి వ్రాసియున్నదో తెలియకయే వ్రేలిముద్ర వేసెడివాడు.

ఈ దుఃస్థితిని చూచియే మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతముల వడ్డీ, భూబదలాయింపుల చట్టమును చేసినది. కొండజాతివారి బాకీపై సాలుకు నూటికి 24కు మించి వడ్డీ యిప్పింపరాదనియు, చక్రవడ్డీ కూడదనియు, మొత్తము వడ్డీ అసలును మించరాదనియు అందు నిర్ణయించిరి. ఏజెంటు అనుమతి లేనిదే కొండజాతివాని భూమి పరులకు చెల్లదనిరి. నూటికి 24 అనునది నేడు మనకు అధికముగా తోచును. దానినొక రక్షణగా భావించిరనిన, అంతకు ముందు జరిగిన వసూళ్ళు ఎట్టివో ఊహింపవచ్చును.

ఈ చట్టములకు మూలము మైదానపు వర్తకుల ఖాతా పుస్తకములలో నున్నది. ఆ వర్తకులలో మనవారును ఉండిరని ఒప్పుకొనుట ధర్మము. అందరును అన్యాయము చేసిరని మేము చెప్పుట లేదు. కరవుకాలమున గింజలిచ్చి ఆదుకొన్నవారును గలరు. అయినను ఒక్కొక్క మంచివాని దయపై ఒక జాతి బ్రతుకు ఆధారపడియుండుట క్షేమము కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజ్యాంగములోని ఐదవ షెడ్యూలు క్రింద ఇట్టి ప్రాంతములు 'షెడ్యూల్డు ప్రాంతములు' అయినవి. రాయగడ జిల్లా యావత్తును అందులోనిదే. 1956లో ఒరిస్సా ప్రభుత్వము చేసిన 2వ రెగ్యులేషను ప్రకారము అధికారి అనుమతితో గిరిజనుల భూమిని ఇతరులు కొనుటకు వీలుండెడిది. ఆ కిటికీగుండ చాల భూమి పోయినదని గ్రహించి, 2002లో అమలునకు వచ్చిన సవరణచే ఆ వీలును పూర్తిగా మూసివేసిరి. 1956 అక్టోబరు 4 తరువాత గిరిజనునినుండి సంక్రమించిన వ్యవసాయ భూమి యితరుల స్వాధీనములో నున్నచో, అది ఎట్లు వచ్చినదో సబుకలెక్టరునకు తెలుపవలెనని కూడ ఆ సవరణ విధించినది. ఆంధ్రదేశమునందలి మన బంధువులు '1/70' అని పిలుచుకొను చట్టము దీనికి సోదరి. అచ్చట 1959 నాటి రెగ్యులేషనును 1970లో బిగించిరి. అంతకు కొలది సంవత్సరములకు ముందే శ్రీకాకుళము ఏజెన్సీలో భూములను, బాకీలను గూర్చి గిరిజనులలో పెద్ద అలజడి చెలరేగెనను సంగతి పెద్దలకు జ్ఞాపకముండును.

అమ్మువానికి ఇష్టమైనప్పుడు...

ఇక అసలు ప్రశ్న. అమ్మువాడు తానే వచ్చి అడిగినప్పుడు తప్పేమి? రైతు భూమిని ఎప్పుడు అమ్మజూపును? ఇంటిలో జబ్బు వచ్చినపుడు, పెండ్లి తలపెట్టినపుడు, కోర్టు వ్యవహారము మీద పడినపుడు. వచ్చిన రొక్కము ఒకటి రెండేండ్లలో ఖర్చయిపోవును. తరువాత అదే మడిలో అతడు కూలివాడగును. పట్టణములో నివసించువానికి ఇల్లు పోయినను ఉద్యోగముండును, చదువుండును. కొండవానికి భూమితోపాటు ఆహారము, పరపతి, ఊరిలో మాట, కులదేవత కొలువు అన్నియు పోవును. కావున చట్టము అతని ఇష్టమును త్రోసిపుచ్చుటకు గాక, కష్టకాలమున అతడు చేయు నిర్ణయము అతని బిడ్డలను నిరాధారులను చేయకుండుటకై యేర్పడినది.

దీనివలన నష్టమును లేకపోలేదు. గిరిజనుని భూమికి బజారు ధర రాదు. అవసరమునకు డబ్బు పుట్టుట కష్టము. వ్యవసాయమునకై బ్యాంకువంటి ప్రభుత్వ ఋణసంస్థలకు తాకట్టు పెట్టుకొనుటకు చట్టము అనుమతించినను, ఆ ఋణము సకాలమున అందుట అరుదు. ఈ కారణములే చెప్పి 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గము నిషేధమును సడలించుటకు నిర్ణయించినది. గిరిజనులనుండియే తీవ్రమైన నిరసన రాగా కొలదిదినములలోనే ఆ నిర్ణయమును నిలిపివేసిరి. ఎవరి మేలుకొరకు తలుపు తెరువబోయిరో వారే దానిని మూసియుంచుడని కోరిరను విషయము మనము గమనింపదగినది.

కాగితములో లేని కొండ

భూమి సంగతి ఇట్లుండగా అడవి సంగతి మరియొకటి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టమువలె ఆంగ్లేయులు చేసిన చట్టములచే తరతరములుగా ప్రజలు వాడుకొనుచున్న అడవులు ప్రభుత్వపు రిజర్వులయ్యెను. స్వాతంత్ర్యానంతరము సర్వే జరిగినపుడు కూడ ఒడిశాలో ఏటవాలు అధికముగానున్న కొండచరియలను కొలువక, వానిని ప్రభుత్వభూమిగా వ్రాసివేసిరి. తాతముత్తాతలు పోడు కొట్టి రాగులు, సామలు, కందులు పండించిన చరియపై మనుమడు దస్తావేజులలో ఆక్రమణదారు డయ్యెను.

ఈ చారిత్రకమైన అన్యాయమును సరిదిద్దుటకే యని తన పీఠికలోనే చెప్పుకొని, 2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టమును చేసినది. 2005 డిసెంబరు 13 నాటికి అటవీభూమిని సాగుచేయుచు దానిపై ఆధారపడియున్న గిరిజన కుటుంబమునకు, సాగులోనున్న మేరకు, నాలుగు హెక్టారులకు మించకుండ హక్కు లభించును. పత్రము భార్యాభర్త లిరువురి పేరనుండును. వారసులకు దక్కును గాని అమ్ముటకు వీలులేదు. తేనె, చింతపండు, ఇప్పపూవు, అడ్డాకు, వెదురు మొదలగు అటవీ ఫలసాయముపై హక్కు, ఊరంతయు కలిసి తమ అడవిని కాపాడుకొను హక్కు కూడ ఇందు గలవు. మూడు తరములుగా, అనగా 75 సంవత్సరములుగా, అడవిపై ఆధారపడి యచ్చటనే నివసించుచున్న ఇతరులకు సైతము ఈ చట్టము వర్తించును. విచారణ ముగియక పూర్వము ఎవరిని ఖాళీ చేయింపరాదు. హక్కు విచారణ మొదలగునది గ్రామసభలో. పై కమిటీలు తరువాత వచ్చును. ఈ చివరి అంశమునకు ఎంత బలమున్నదో నియమగిరి వృత్తాంతము వలన తెలియును.

నియమగిరి

రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దున నియమగిరి కొండలు గలవు. బుధవారము చాటికొన సంతకు అనాస, అరటి, పనస, అల్లము, పసుపు మోసికొని దిగివచ్చు డోంగ్రియా కోదులను మనలో చూడనివారుండరు. వారి సంఖ్య పదివేలకు అటునిటుగా నుండును. నియమరాజు ఆ కొండ శిఖరముపై వెలసి తమకు కట్టుబాట్లు విధించెనని వారి విశ్వాసము. అందుచే శిఖరముపై చెట్టు నరుకరు.

ఆ శిఖరము చదునైనది. చదునుమీద ఏడుకోట్ల టన్నులకు పైగా బాక్సైటు గలదని అంచనా వేసిరి. బాక్సైటు అల్యూమినియమునకు ముడిఖనిజము. నాలుగు మొదలు ఆరు టన్నుల బాక్సైటును శుద్ధిచేసినగాని ఒక టన్ను అల్యూమినియము రాదు. ఆ రాతిపొర సన్నని రంధ్రములు గలది. వానకాలపు నీటిని తనలో ఇంకించుకొని, వేసవిలో ఊటలుగా కొద్దికొద్దిగా విడుచును. నియమగిరినుండి దిగు సెలయేళ్ళు వంశధారకు చేరును. ఆ వంశధారయే గుణుపురము మీదుగా శ్రీకాకుళము జిల్లాలో ప్రవేశించి, గొట్టా ఆనకట్ట క్రింది పొలములను తడిపి, కళింగపట్టణమువద్ద సముద్రములో కలియును. కావున ఈ కొండ సంగతి కోదులది మాత్రమే యని అనుకొనరాదు.

1997లో ఒడిశా గనుల కార్పొరేషను ఒక ప్రైవేటు సంస్థతో బాక్సైటునకై ఒప్పందము చేసికొన్నది. ఆ వర్గమునకే చెందిన వేదాంత సంస్థ కొండ పాదమున లాంజీగఢులో అల్యూమినా కర్మాగారము నిర్మించినది. గనికై సుమారు 660 హెక్టారుల అటవీభూమి కావలసివచ్చెను. 2008లో సుప్రీముకోర్టు మొదట అనుమతించినను, కేంద్ర ప్రభుత్వము నియమించిన సక్సేనా కమిటీ అటవీహక్కుల ఉల్లంఘనను చూపగా, 2010 ఆగస్టు 24న కేంద్ర పర్యావరణ శాఖ తుది అనుమతిని నిరాకరించినది. గనుల కార్పొరేషను మరల సుప్రీముకోర్టునకు పోయెను.

2013 ఏప్రిలు 18న వెలువడిన తీర్పు చరిత్రలో నిలువదగినది. కొండపై కోదులకు గల సాంస్కృతిక, ధార్మిక హక్కుల విషయమును గ్రామసభలే పరిశీలింపవలెననియు, జిల్లా న్యాయమూర్తి పరిశీలకుడుగా నుండవలెననియు కోర్టు ఆజ్ఞాపించెను. రాష్ట్ర ప్రభుత్వము నూరునకు మించిన ఊళ్ళలో పండ్రెండిటిని మాత్రమే ఎన్నుకొనెను. ఏడు రాయగడ జిల్లాలోనివి, ఐదు కలహండిలోనివి. జులై 18న సెరకపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన ఆ సభలలో, వృద్ధులు, స్త్రీలు, యువకులు లేచి తమ కువి భాషలో తమ మాట చెప్పిరి. పండ్రెండు సభలును గని వలదనియే తీర్మానించెను. 2014 జనవరిలో కేంద్రము తుదిగా నిరాకరించినది. తిరిగి సభలు జరిపింప కోరిన కార్పొరేషను వినతిని 2016లో సుప్రీముకోర్టు త్రోసివేసినది.

ఇందు విశేషమేమనగా, లాంజీగఢు కర్మాగారము మూతపడలేదు. ఇతర ప్రాంతములనుండి బాక్సైటు తెచ్చుకొని నడచుచున్నది. కొండయు నిలిచినది.

ముగియని తగవు

నియమగిరిలో జరిగినది ప్రతిచోట జరుగదు. మన కాశీపురము ప్రాంతమున బాఫ్లిమాలి బాక్సైటును ఎదిరించినవారిపై 2000 డిసెంబరు 16న మైకంచు గ్రామమున పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు ఆదివాసులు మరణించిరి. ఆ గని తరువాత తెరువబడినది. 2023నుండి సిజిమాలి కొండను గూర్చి వివాదము రేగినది. అచ్చటి గ్రామసభలు సమ్మతించినవని కాగితములు చెప్పగా, మేము సమ్మతింపలేదని గ్రామస్థులు చెప్పిరి. 2022లో అటవీ సంరక్షణ నియమములు మారుటచే, కేంద్రము అనుమతి నిచ్చుటకు ముందే గ్రామసభ సమ్మతి యుండవలెనను కట్టుబాటు సడలి, ఆ భారము రాష్ట్రములపై పడినది. అనుమతి ముందు వచ్చి సమ్మతి వెనుక అడిగినచో, ఆ అడుగుటకు విలువ తగ్గునని వేరుగా చెప్పనక్కరలేదు.

మేము అభివృద్ధికి విరోధులము కాము. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినపుడు ఆ వెలుగు ఆంధ్ర, ఒరిస్సాలు రెండింటికిని అందినది. మన యిండ్లలోని పాత్రలు, తీగెలు అల్యూమినియమువే. కాని ఆ ఆనకట్టకొరకు ఊళ్ళు విడిచిన కొండకుటుంబముల పేర్లు మనకు తెలియవు. ఒకరికి వెలుగు, మరియొకరికి వలస యగునప్పుడు, వలసపోవువానిని ముందుగా అడుగుట కనీస మర్యాద. 1997 జులై 11న సమతా వ్యాజ్యములో, ఆంధ్రదేశపు షెడ్యూల్డు ప్రాంతములోని ప్రభుత్వభూమిని సైతము ప్రైవేటు సంస్థలకు గనులకై కౌలు ఇయ్యరాదని సుప్రీముకోర్టు చెప్పుటలోను ఆంతర్యమిదియే.

మనకేమి సంబంధము?

మనము ఈ రాష్ట్రములో భాషా అల్పసంఖ్యాకులము. మన బిడ్డలకు తెలుగు చదువు కావలెనని కోరునప్పుడు మనము రాజ్యాంగములోని 29, 30, 350-ఎ అధికరణములను చూపుచున్నాము. తక్కువ సంఖ్యలో నున్నవారి మాట, సంస్కృతి ఎక్కువ సంఖ్యలో నున్నవారి సౌకర్యమునకై అణగిపోరాదనుట వాని సారాంశము. ఐదవ షెడ్యూలు సారాంశమును అదియే. ఒక రక్షణను హక్కుగా కోరి, రెండవదానిని అడ్డంకిగా నిందించుట మనకు తగదు.

మరియొక సంబంధము గలదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగును గోండీ, కొండ, కుయి, కువి భాషలతో కలిపి ద్రావిడభాషలలో దక్షిణ-మధ్య శాఖగా నిరూపించిరి. తమిళ, కన్నడములకంటె కువి మనకు దగ్గరి చుట్టము. సంతలో మనతో బేరమాడు కోదు స్త్రీ మాట మన మాటకు తోబుట్టువు. అట్టివారిని గూర్చి మన యిండ్లలో పిల్లలు మందముగా ప్రవర్తించినపుడు "కొండవాడివలె ఉన్నావు" అని మందలించుట వాడుకయైనది. ఆ మాటను మానుట మనము చేయగల మొదటి పని.

రెండవది, బినామీ కొనుగోలుకు పాల్పడకుండుట. పనివాని పేరనో, తెలిసిన గిరిజనుని పేరనో భూమి వ్రాయించుకొని తాము అనుభవించువారు గలరు. దానికి చట్టములో రక్షణ లేదు. భూమి తిరిగి పోవును, పెట్టిన సొమ్ము పోవును, పరువు పోవును. పెద్దలనాటి భూమి విషయమున సందేహమున్నచో, కాగితములతో సబుకలెక్టరు కచేరీకి పోయి తేల్చుకొనుట మేలు.

మూడవది మన పిల్లలకు సంబంధించినది. వారిలో రేపు గుమాస్తాలు, సర్వేయరులు, వకీళ్ళు, ఉపాధ్యాయులు కాగలవారున్నారు. చదువురాని రైతు వ్రేలిముద్ర వేయుటకు ముందు ఆ కాగితమును అతనికి అర్థమగు భాషలో చదివి వినిపింపవలెనను నియమమును ఇప్పటినుండియే వారికి నేర్పుదము. పూర్వము మన లిపిలో వ్రాసిన పత్రములు ఎవరికి నష్టము చేసెనో, వారికి అదే లిపి నేర్చినవారు మేలు చేయగల మార్గమిది.

ఆ తండ్రిగారికి మా సమాధానమింతే. రెండెకరములు కొనుటకు వీలుకాక వారికి కష్టము కలిగినమాట నిజము. ఆ కోదు రైతు కుమారుడు ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్నాడని వారే మాటలసందున మాతో చెప్పిరి. ఆ బాలుడు చదువు ముగించి ఇంటికి పోవునాటికి ఆ రెండెకరములు అచ్చట నుండవలెను గదా!